మరమ్మతు కొట్టు

రేడియో బాగయిందో లేదో తెలియాలంటే
వార్తలు పెట్టాలి.
గరగరలో కూడా పాట పాటే.
అసలు పరీక్ష మాటలకే.
ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా బతుకు,
బెయిరా రేవులో, మున్యావా సంతకి పోయే బురదదారి పక్కన.
ఎక్కడో ఆసుపత్రి కూలిందని
ఒక్క అక్షరం జారకుండా వినిపిస్తే
"అయిపోయింది, తీసుకెళ్ళు జాగ్రత్తగా" అంటాను,
చిల్లర లెక్కపెట్టుకుంటాను.
ఆ రాత్రి సంకటి గొంతు దిగదు.

గాలివాన మా మందిరం రేకులు ఎత్తుకుపోయింది.
ఒకటి చేపలమ్మే లుర్డెస్ ఇంటి కప్పుగా కనబడింది.
దాని కింద నెలల పిల్ల నిద్రపోతోంది.
మేం అడగలేదు.
అడిగే నోరు ఎవరికుంది?

కిందటి వానల్లో ఉత్తరం నుంచి వచ్చింది జైనాబు,
నెత్తిన చాప, చంకలో రేడియో.
విప్పితే గుప్పెడు ఇసుక.
"మా తీరానిది.
ఊరు తగలబడ్డ రాత్రి దీన్ని పాతిపెట్టి పరుగెత్తాను,
తర్వాత వెళ్ళి తవ్వి తెచ్చుకున్నాను.
పాటలక్కర్లేదు నాకు.
నాకిటెంగె అని ఎవరైనా అంటారేమో వినాలి."
ఎవరూ అనలేదు.
చిన్న ఊళ్ళు చచ్చిపోయినా
పెద్ద గొంతుల్లోకి ఎక్కవు.

అప్పట్నించి రసీదుల వెనక రాస్తున్నాను
వార్తల్లో వచ్చిన ప్రతి ఊరూ:
నోరు తిరగనివి,
ఏ సముద్రానికి అవతలివో తెలియనివి.
పట్టీలో మొదటిది మాత్రం ఎప్పుడూ నాకిటెంగె,
వార్తల్లోకి రాని ఊరు.

ఆదివారం దోన్య ఎర్మెలిండా
పొర కమ్మిన కంటికి కాగితం ఆనించుకుని చదువుతుంది.
సగం పేర్లు తప్పే.
ఒక్కో పేరు దగ్గరా ఆగుతాం, వెంటనే ఆమెన్ అనం.
"అక్కడ కూడా ఎవరో పొయ్యి రాజేస్తున్నారు గదా,
వాళ్ళ నిప్పు అంటుకోనివ్వండి" అంటుంది.

ఓసారి నా మనవడు కజిమీరో లేచి అడిగాడు:
దేవుడి దగ్గర రేడియో లేదా, మనం చెప్పాలా?
ఎవరూ నవ్వలేదు.
"ఉందిరా" అందావిడ, కాగితం మడుస్తూ.
"మరమ్మతుకి మనకిచ్చాడు."

నాకు వేదాంతం రాదు. టంకం వచ్చు.
తెగిన తీగకి రెండు కొసలూ కాలితేగానీ అతుకు పడదు.
సిలువ మీద మా ప్రభువు కేక పెట్టినప్పుడు
అవతల నుంచి బదులు రాలేదు.
ఆ నిశ్శబ్దం నాకు తెలుసు:
బ్యాటరీ నిండుగా ఉంటుంది,
ముల్లు సరైన చోటే ఉంటుంది,
ఏమీ పలకదు.
నేనయితే రాత్రికి ఆ పెట్టె పక్కన పడేద్దును.
ఎవరో ఆడవాళ్ళు మాత్రం
తెల్లవారకముందే చీకట్లో నడిచి
మళ్ళీ చూడ్డానికి వెళ్ళారు.
నా విశ్వాసమంతా
వాళ్ళ కాళ్ళ వెనకాలే నడుస్తోంది, కాస్త కుంటుతూ.

ఈ పాస్కా రాత్రి కరెంటు లేదు.
ఆ ఇసుక నేను పారబోయలేదు, పాలడబ్బాలో దాచాను.
జైనాబుని అడిగి, సరేనన్నాకే
కొవ్వొత్తి అందులో నిలబెట్టాం.
ఆమె లోపలికి రాదు. ఆమె నమాజు ఆమెది.
లారీ చక్రం గంటగా వేలాడే మామిడి కింద కూర్చుని
రేడియో చెవికి ఆనించుకుంది,
మా పాటకి అడ్డం రాకుండా చప్పుడు తగ్గించి.

రేకుల్లేని మేర నుంచి జల్లు.
రెండుసార్లు ఆరింది కొవ్వొత్తి.
మూడోసారి కజిమీరో టోపీ అడ్డం పట్టాడు,
చెయ్యి లాగేస్తున్నా దించలేదు.

తెల్లారి ఆరింటి వార్తలు.
బాగులేవు.
స్పష్టంగా వినిపించాయి.
పెన్సిలు చెక్కుకున్నాను.